ఐదు గుడారాల ఆమని

నమోదు 31

కడిగిన మట్టిని ఇవాళ పిడికిట్లో పట్టి పిండాను. ముద్దయింది. వేలితో తడితే పొడిపొడిగా విడిపోయింది. అంగారకుడి మట్టి ఈ రెండు పనులూ చేయడం ఇదే మొదలు.

పొలం ఎవరి బాధ్యతో వాళ్ళు దినచర్య రాయాలన్నది ఐదు గుడారాలవాళ్ళం కలిసి పెట్టుకున్న కట్టుబాటు. రాస్తున్నది హంపమ్మ, తెలుగు గుడారం. గొప్ప చెప్పుకోవడానికి కాదు అని రాయబోయి ఆగాను. ఎందుకు కాదు? మా ముత్తాతలు అనంతపురం ఎర్రనేలలో, వాన మొహం చాటేసిన ఏళ్ళలో కూడా ఏదో ఒకటి పండించి తిన్నవాళ్ళు. ఇక్కడి నేలను చూసి తక్కిన నాలుగు గుడారాలూ తల పట్టుకుంటే, నాకు మాత్రం ఎక్కడో చూసిన మొహంలాగే అనిపించింది.

విషపు ఉప్పు పోయేదాకా మట్టిని కడిగీ కడిగీ తొట్టిలో నీళ్ళు అడుగంటాయి. ఉన్నవి మొలకెత్తడానికి సరిపోతాయి, కంకి పట్టేదాకా రావు. పైన కొండ అంచున ఉన్న మంచుగని నుంచి గొట్టంలో నీళ్ళు దిగితేనే పంట. ఆ కబురు కోసమే విత్తకుండా ఆగాను. ఉన్నది ఒక్క బస్తా కొర్రలు. అది పోతే భూమి నుంచి మళ్ళీ ఓడ రావాలి. ఓడ ఎప్పుడొస్తుందో అడిగితే నవ్వుతారు.

మధ్యాహ్నం ఎత్తోరే పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇటలీ గుడారం మనిషి, రేడియో చూసుకుంటాడు. దుద్దులు మూగబోయినప్పటి నుంచి మా ఇంట్లోనే తింటూ తెలుగు నేర్చుకున్నాడు. ఆ దుద్దులు చెవికి పెట్టుకుంటే, ఎదుటివాళ్ళు ఏ భాషలో మాట్లాడినా మన భాషలో వినిపించేది. పోయినేడు దుమ్ము కమ్మి ఎండ చచ్చినప్పుడు, గాలి పంపులకు కరెంటు చాలక దుద్దుల వెనక ఉన్న యంత్రాన్ని ఆపేశారు. దుమ్ము పోయింది. యంత్రం మళ్ళీ లేవలేదు. ఇప్పుడు ఐదు గుడారాలకు ఐదు భాషలు.

“హంపక్కా! గని చెప్పింది. నీళ్ళు వస్తది!”

“ఎప్పుడంట?”

“వసంతం! అంటే ఇదే అక్కా, ఇప్పుడే!”

ఇక ఆగుతానా? సాయంత్రానికల్లా బస్తా సగం విప్పి చాళ్ళు పోశాను. సగం దాచుకోమని మా ఆయన వన్నూరప్ప గొణిగాడు, దాచుకున్నాను. మా వంశంలో ఆడది విత్తనమంతా ఒకేసారి నేలపాలు చేసిన దాఖలా లేదు.

నమోదు 36

పొద్దున్నే గుడారం పైకెక్కి కుంచెతో దుమ్ము దులిపాను. ఆ పని చేయని రోజు లోపల మొక్కలకు సగం ఎండే అందుతుంది. దిగి లోపలికొచ్చేసరికి చాళ్ళ వెంట పచ్చని గీతలు.

కబురు పాకిపోయింది. ఐదేళ్ళుగా తొట్టిలో పెంచిన పాచి పిండి తిని బతుకుతున్న జనం. మట్టిలోంచి లేచిన మొక్కను చూద్దామని వరస కట్టారు. ఫ్రెంచి గుడారం వంటాయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో మొలకనూ వంగి చూశాడు. లేచి వెళ్తూ నా చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. అది వాళ్ళ అలవాటు కాదు, మా దగ్గర చూసి నేర్చుకున్నదే. నా తలకు ఆ పూట హెల్మెట్ పట్టి ఉంటే ఆశ్చర్యమే.

గొట్టం మాత్రం ఇంకా పొడిగానే ఉంది.

నమోదు 42

నీళ్ళు రాలేదు.

మొక్కలు జానెడు పెరిగి ఆగాయి. ఆకులు మధ్యాహ్నానికి చుట్టుకుపోతున్నాయి. రోజు మార్చి రోజు తడుపుతున్నాను, అదీ చెంబులతో.

గనితో ఎదురెదురు మాటలు కుదరవు. ఉన్న పాత రేడియోలో మనమొక ప్రశ్న పంపితే, ఎప్పటికో ఒకటి రెండు ముక్కల్లో జవాబొస్తుంది. నీళ్ళెప్పుడని ఎత్తోరే మళ్ళీ మళ్ళీ అడిగాడు. ప్రతిసారీ అదే జవాబు: “లా వార.”

“మా వసంతం మాటే అక్కా. ప్రిమవేరా, వేరా, వార. అదే మాట కొంచెం వేరేగా అంటారు. వసంతం అంటున్నారు, నీళ్ళు ఇవ్వడం లేదు!”

సాయంత్రం నడిమి గుడారంలో కింద ఉన్నవాళ్ళమంతా కూడాం, సగం మాటలు, సగం సైగలు. పైనున్నవాళ్ళు నీళ్ళు బిగబట్టి బేరానికి కూర్చున్నారని ఒకరన్నారు. నిరుడు వాళ్ళకు దుప్పట్లు తక్కువ పంపామని కక్ష పట్టారని ఇంకొకరు. చివరికి, గనికి పంపే తిండి ఆపేద్దామన్న మాట లేచింది. చేతులెత్తమన్నారు. చాలా చేతులు లేచాయి.

నేను నిలబడ్డాను.

“ఆ పంట నాది. నా పంట కోసం ఇంకొకరి నోటికాడి కూడు లాగేది నాకొద్దు. పోయి ఎదురుగా నిలబడి అడిగొస్తా. అంతవరకూ గమ్మునుండండి.”

“వాళ్ళ భాష నీకొచ్చా?” అన్నారెవరో.

“ఎండిన మొక్క పీకి చూపిస్తే ఏ భాషోళ్ళకైనా తెలుస్తాది.”

బ్రెజిల్ గుడారంలో పిల్లలకు చదువు చెబుతూ, మా పిల్లల దగ్గరే తెలుగు పట్టేసిన బెనెడీటా టీచరమ్మ నాతో వస్తానంది. నాకంటే పెద్దది, మోకాళ్ళ నొప్పుల మనిషి. వద్దంటే వినలేదు. “వాళ్ళ భాష నాకూ రాదు. కానీ మా అందరి భాషలకీ తాత భాష చదువుకున్నాను. పనికొస్తుందేమో,” అంది.

నమోదు 43

వన్నూరప్ప బండి తోలాడు. కొండ దారి పొడవునా నేను తిట్లు పేర్చుకుంటూ కూర్చున్నాను. ఐదో గుడారమని పేరే గానీ, రొమేనియావాళ్ళ మంచుగని అంటే కొండ చరియలో తొలిచిన నాలుగు గదులు, వాటి ముందు పెద్ద అద్దం. గనికి పెద్ద దోయినా. పొడుగ్గా, సన్నగా, చలికి చిట్లిన వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని ఉంది. మమ్మల్ని చూడగానే ఆమె కూడా తిట్లు పేర్చుకుని ఉందని అర్థమైంది.

“వార!” అంటూ బల్ల మీద కొట్టింది. “వార! వార!”

నేను తగ్గలేదు. ఎండిన మొక్క బల్ల మీద పెట్టాను. “వార అంటివనే కదమ్మా విత్తినాను! వార వచ్చి ఎన్నాళ్ళాయె, నీకు కనపళ్ళేదా?”

ఆమె వాళ్ళ భాషలో, నేను నా భాషలో, గుడ్డిగా అరుచుకున్నాం. టీచరమ్మ మా ఇద్దరి మధ్యకూ వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. దోయినా వైపు తిరిగి కిటికీలోంచి బయటికి చూపించింది. ఇప్పుడు, ఈ కాలాన్ని, ఏమంటారన్నట్టు.

“ప్రిమవార,” అంది దోయినా, అదీ తెలియదా అన్నట్టు. తర్వాత గుడ్డలు చుట్టిన చెయ్యి పైకెత్తి, సూర్యుడు నడినెత్తికొచ్చినట్టు చూపిస్తూ నెమ్మదిగా చెప్పింది. “వార.”

టీచరమ్మ కుర్చీలో కూలబడింది. ముందు నవ్వొచ్చింది ఆమెకు, వెంటనే నోరు మూసుకుంది.

“హంపమ్మా, వీళ్ళు తప్పేం చెప్పలేదు. వార అంటే వేసవి. మా భాషలోనూ వెరావ్ అంటే వేసవే. ఎత్తోరే వాళ్ళ భాషలో ఆ మాట వసంతం పేరులోనే మిగిలింది. అందుకని వసంతమే అనుకున్నాడు.”

ఈ నేల మీద ఏడాది అంటే భూమి మీద దాదాపు రెండేళ్ళు. వసంతానికీ వేసవికీ మధ్య నా కొర్ర మొలిచి, ఎండి, మట్టిలో కలిసిపోవచ్చు.

దోయినా నన్ను బయటికి తీసుకెళ్ళి, పోయినేటి దుమ్ము తర్వాత కొత్తగా నిలబెట్టిన అద్దం చూపించింది. ఎదురు కొండ నీడ దాని మీద నల్లగా పరుచుకుని ఉంది. సూర్యుడు ఆ కొండ దాటి పైకి రావాలి, అద్దం మీద పడాలి, అప్పుడే మంచు కరుగుతుంది. అది వేసవిలోనే. ఎవరూ బిగబట్టింది లేదు.

పేర్చుకున్న తిట్లన్నీ ఎక్కడ దించాలో తెలియలేదు. లోపలికొచ్చాక, అప్పుడే విత్తేశామని టీచరమ్మ చేతులతో, ముక్కలు ముక్కలుగా వాళ్ళకు చెప్పింది. దోయినా బల్ల మీది మొక్కను తీసి వేళ్ళ మధ్య తిప్పి చూసింది. తర్వాత రెండు చేతులతో మొహం కప్పుకుంది. పక్కనే కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేశాను. ఏం భాష కావాలి దానికి?

నమోదు 44

గనిలోనే పడుకుని, పొద్దున వాళ్ళు పెట్టిన పాచి గంజి తాగుతూ కూర్చున్నాం. ఒక్క మాట ఇంత పని ఎట్లా చేసిందని అడిగాను. టీచరమ్మ గంజి గిన్నె పక్కన పెట్టింది. ఆమెకు ఈ ప్రశ్నంటే పండగ.

“రోమువాళ్ళు చలి పోయి చిగురు వేసే కాలాన్ని ‘వేర్’ అనేవాళ్ళు. ఇంతే మాట. మరీ చిన్న మాట జారిపోతుంది. జనం వెచ్చగా ఉన్న రోజులన్నిటికీ అదే వాడేశారు. మరి మొదట్లో వచ్చే ఆ చిగురు రోజులను ఏమనాలి? తొలి వేర్ అన్నారు. అదే ప్రిమవేరా. ఇటలీవాళ్ళు దాన్ని దాచుకున్నారు, ఎండాకాలానికి వేరే మాట పెట్టుకున్నారు. మేమూ, దోయినావాళ్ళూ రెండూ దాచుకున్నాం. తొలి వేర్ వసంతం, ఉత్త వేర్ వేసవి.”

“ఫ్రెంచోళ్ళు?”

“వాళ్ళు ‘తొలి కాలం’ అని కొత్త మాట కట్టుకున్నారు. పాత మాటను ఒక పువ్వుకి ఇచ్చేశారు.”

వన్నూరప్ప తల ఊపాడు. “మాకు మాత్రం లేదా టీచరమ్మా? పొద్దంటే ఒకరికి సూర్యుడు, ఒకరికి తెల్లారడం, ఇంకొకరికి ఊరికే గడిచిపోయే కాలం.”

“మీ వసంతం కూడా ఆ వేర్‌కి చుట్టమే,” అంది టీచరమ్మ. “వేల ఏళ్ళు వెనక్కి పోతే రెండింటికీ తల్లి ఒక్కతే.”

“అది సంస్కృతం నుంచి మాకొచ్చిండేది. మా సొంతంగా ఇంకొకటి ఉండాది. ఆమని,” అన్నాను.

“ఆమని.” నోట్లో కలకండ ముక్క వేసుకున్నట్టు పలికింది. “దీనికి మా వైపు చుట్టాలెవరూ లేరు హంపమ్మా. ఇది పూర్తిగా మీదే.”

నా వెన్ను దానంతటదే నిటారైంది. పొలం ఎండుతున్న మనిషికి అంత గర్వం కూడదు. అయినా వచ్చింది.

బయల్దేరే ముందు వన్నూరప్ప గని గోడకేసి చాలాసేపు చూశాడు. అక్కడ కోసి పేర్చిన మంచు గడ్డలు ఉన్నాయి, వేసవి కోసం.

“వీళ్ళే యాల కరిగించల్ల?” అన్నాడు. “గడ్డలట్లే ఇయ్యమను. బండ్లో ఏసుకుని పోదాం. కింద ఎన్ని పొయ్యిలుండాయి, ఎంతమంది ఒళ్ళు వేడి ఉండాది! ఇంటికొక గడ్డ పెట్టుకుంటే కరగదా?”

నా మొగుడు ఏడాదికి ఒక మంచి మాట చెప్తాడు. ఈ ఏడుకు అదే. టీచరమ్మ సైగలతో వివరిస్తుంటే దోయినా సగంలోనే అర్థం చేసుకుని, గొడ్డలి తీసుకుని లేచింది.

నమోదు 50

కింద నాలుగు గుడారాల్లో ఎక్కడ చూసినా కారుతున్న చప్పుడే. వంటగదుల్లో, బడిలో, ఆసుపత్రి గదిలో బేసిన్ల మీద జల్లెళ్ళు, జల్లెళ్ళ మీద మంచు గడ్డలు. వడకట్టి, ఉప్పు తీసి, బిందెలతో పొలానికి మోస్తున్నారు. గని తిండి ఆపమని చెయ్యెత్తినవాళ్ళే రెండేసి గడ్డలు అడిగి పట్టుకెళ్ళారు. దెప్పాలని నాలుక దురద పెట్టింది, నిజం.

ఎత్తోరే మా ఇంటికి తిండికి రావడం మానేశాడు. వెతుక్కుంటూ వెళ్ళాను. రేడియో గదిలో మూడు గడ్డల మధ్య కూర్చుని ఉన్నాడు, చలికి పెదాలు నీలంగా.

“నీ మొక్కలు నేను చంపాను అక్కా.”

“ఇంకా చావలేదులే. నీ చెవి తప్పు వినలేదురా, రెండు వేల ఏళ్ళ కిందట ఎవరో మాటను జారవిడిచిండారు. లేచి అన్నం తిందువు పా.”

“అన్నం లేదు కదా అక్కా. పాచి.”

“పాచే తిందువు పా. అన్నం పెట్టే రోజు వస్తాది.”

నమోదు 52

ఎంత మోసినా పొలమంతటికీ చాలవు. ఇవాళ లెక్క చూసుకుని, మధ్యలో తాడు కట్టాను. తాడుకు అవతల ఉన్న సగం పొలాన్ని వదిలేయాలి.

వదిలేస్తే నిలబడి మెల్లగా చస్తాయి, ఉన్న కాస్త తేమా తాగేస్తాయి. కాబట్టి పీకాలి. ఎవరినీ రమ్మనలేదు. ఒక్కొక్క మొక్కా పీకుతూ వచ్చాను. ఏ మొక్కా చేతికి ఊరికే రాలేదు. ఈ మట్టిలో వేరు దిగింది, గట్టిగా పట్టుకుంది. ఏడుస్తూనే అది చూసి గర్వపడ్డాను. పరాయి నేల మీద పట్టు దొరికిన వేళ్ళు అవి, పీకాల్సి వచ్చింది గానీ.

సాయంత్రం దోయినా మంచు బండితో దిగింది. ఖాళీ సగాన్ని చూసింది. పీకిన మొక్కలను ఒక్కటీ పోనీయకుండా మోపు కట్టి, మిగిలిన చాళ్ళ మొదళ్ళలో పరిచింది, తడి ఆరకుండా. వాళ్ళ వైపూ ఇదే పద్ధతి ఉన్నట్టుంది. ఇద్దరం చీకటి పడేదాకా పరిచాం.

నమోదు 71

కోత.

కంకులు నక్కతోకల్లా వంగి ఉన్నాయి. దంచి, చెరిగి, విత్తనానికి తీసిపెట్టాక మిగిలినవి వండితే మనిషికి రెండు పిడికిళ్ళ కొర్రన్నం వచ్చింది. గనివాళ్ళంతా దిగి వచ్చారు. నడిమి గుడారం కిక్కిరిసింది. ఎత్తోరే మొదటి ముద్ద పట్టుకుని నా వైపు చూశాడు. “తిను,” అన్నాను. తిన్నాడు. వంటాయన గిన్నె అడుగున అంటుకున్న మాడును కూడా పంచాడు.

దోయినా నా పక్కన కూర్చుని చేత్తోనే తిన్నది. వేళ్ళకు గుడ్డలు లేవు, మానాయి. ఖాళీ కంచం నాకు చూపించి గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

తిన్నాక పెద్ద చర్చ. ఇక మీదట ఐదు గుడారాలూ ఒకే కాలమానం పాటించాలి, ఒక్కో కాలానికి ఒకే పేరు ఉండాలి. లేకపోతే మళ్ళీ ఇదే జరుగుతుంది. ముందు, ఈ కాలం పేరేంటి? ఇటలీవాళ్ళు ప్రిమవేరా అన్నారు. ఫ్రెంచివాళ్ళు తమ మాటే అందమైనదన్నారు. ఎవరి మాట వాళ్ళకు ముద్దు. గొంతులు లేచాయి. తిన్న అన్నం బలం అప్పుడే వచ్చేసిందన్నాడు వన్నూరప్ప.

టీచరమ్మ లేచింది. “మా మాటలన్నీ ఒక కడుపున పుట్టినవే. అదే చిక్కు. వేర్ అన్న చప్పుడు వినగానే సగం మందికి వసంతం గుర్తొస్తుంది, సగం మందికి వేసవి. రేడియోలో సగం మాట తెగితే మళ్ళీ పొలం ఎండుతుంది. ఎవరికీ చుట్టం కాని మాట కావాలి. అది హంపమ్మ దగ్గర ఉంది.”

అందరూ నా వైపు తిరిగారు. గొంతు సవరించుకున్నాను. “ఆమని.”

దోయినా పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ ఆగదు. చివరికి కళ్ళు తుడుచుకుని టీచరమ్మకు చెప్పింది, ఆమె మాకు చెప్పింది. వాళ్ళ భాషలో దాదాపు అట్లాగే పలికే మాట ఒకటి ఉందట. దానికి అర్థం, ‘వాయిదా వేస్తున్నావు’ అని.

గుడారం అదిరిపోయేలా నవ్వాం. నాకైతే మొహం చిన్నబోయింది. ఇంత దూరం వచ్చి గెలిచే మాట, గడప దగ్గర తట్టుకుని పడుతుందేమోనని.

దోయినా లేచి నిలబడింది. వచ్చీరాని తెలుగులో, నా వైపే చూస్తూ చెప్పింది. “మంచి మాట. నీళ్ళు వాయిదా. అందరికీ గుర్తు ఉండాది.” తర్వాత చెయ్యెత్తింది.

ఒక్కో చెయ్యీ లేచింది. ఎత్తోరే రెండూ ఎత్తాడు.

మా ఊళ్ళో వానల్లేని ఏళ్ళలో ఆ మాట పలికే అవసరమే పెద్దగా రాలేదని మా అవ్వ అనేది. ఇప్పుడు ఒక లోకం మొత్తానికి అది కాలం పేరు. ఈ పూట నాకు నిద్ర పట్టదు, పట్టాలని కూడా లేదు.

కొత్త ఏడు, నమోదు 1

మంచు పట్టిన కిటికీ అంచుల్లో ఇవాళ తొలి తడి. తొట్టి నిండుగా ఉంది, పోయిన వేసవిలో గొట్టం దిగిన నీళ్ళతో. పొలం మొత్తం విత్తినా మిగిలేలా మూడు బస్తాల కొర్రలు ఉన్నాయి, మేం పండించినవే.

పొద్దున రేడియోలో ఐదు గుడారాలూ కాలం మారిన సంగతి ఒకరి తర్వాత ఒకరు చెప్పుకునే ఆచారం మొదలైంది. పని ఆపి విన్నాను. ఎత్తోరే “అమానీ” అని చివర పాడాడు. బ్రెజిల్ పిల్లలు ముక్కుతో “అమానిం” అన్నారు. ఫ్రెంచి గుడారం బరువంతా చివరికి తోసేసింది. గని నుంచి దోయినా గొంతు చివరి అక్షరాన్ని మింగేసి “అమిన్” అంది. ఒక్కరూ దీర్ఘం పెట్టాల్సిన చోట పెట్టలేదు.

అందరినీ కూర్చోబెట్టి దిద్దేద్దామని కుంచె కింద పెట్టి బయల్దేరాను. దారిలో టీచరమ్మ ఎదురైంది. సంగతి చెప్పాను.

“నిజమే, దిద్దవచ్చు,” అంది. “కానీ హంపమ్మా, పలికే మాట నోళ్ళలో అరుగుతుంది. చచ్చిన మాటలే అరగవు.”

వెనక్కి వచ్చేశాను. గుడారంలో వన్నూరప్ప విత్తనాల బస్తా భుజానికెత్తుకుంటున్నాడు. అనంతపురం నుంచి ఏడు తరాల తెలుగు నాలుక అది.

“ఏమే, నిలబడి చూస్తాండావు? అమానీ వచ్చిండాది, తెలీదా? చాళ్ళు తియ్యి పా.”

నేను దిద్దబోయి నోరు తెరిచాను. తానెట్లా పలికాడో ఆయనకే తెలియలేదు. బస్తా దించి, మూతి విప్పి, ఎత్తోరే పాట లాగే చివర లాగుతూ ఇంకోసారి అన్నాడు.

నా మాట నా ఇంటికే కొత్త గొంతుతో తిరిగొచ్చింది. ఒక చుట్టమూ లేదనుకున్న మాటకు ఒక్క ఏడాదిలో ఇంతమంది పిల్లలు పుట్టారు.

చాలు తీసి, గుప్పెడు కొర్రలు పోశాను. ఇవాళ విన్నది విన్నట్టే రాస్తున్నాను: అమానీ, మొదటి రోజు, విత్తడం మొదలైంది.